మూడో చరణం గొడవ అసలు ఎక్కడ మొదలైందంటే

2017లో హవాయిలో ఫెడ్ కప్ టెన్నిస్ మ్యాచ్‌కి ముందు గాయకుడు జర్మనీ జాతీయగీతం అనుకుని మొదటి చరణం ఎత్తుకున్నాడు, "జర్మనీయే అన్నిటికన్నా పైన" అనే చరణం, జర్మన్ ఫ్యాన్స్ అయితే గొంతు పెంచి, ఇప్పుడు జాతీయగీతంగా పాడే మూడో చరణం పాడి దాన్ని ముంచేయాలని చూశారు. ఇలాంటిది జరిగినప్పుడల్లా అసలు ఆ ట్యూనే మార్చేయండి అని కొందరు, మొదటి చరణం మీద బ్యాన్ లేదుగా అని కొందరు.

ఆస్ట్రియా స్వరకర్త హైడన్ 1797లో తమ చక్రవర్తి కోసం కట్టిన ట్యూన్, 1841లో జర్మన్ కవి హాఫ్‌మన్ దానికి రాసిన మూడు చరణాలు, నాజీలు మొదటి చరణాన్నే పాడించిన కాలం, ఇవన్నీ తెలిసినవే. నా లెక్కలో ముడి పడింది 1950-52 మధ్య. 1950 ఏప్రిల్‌లో వెస్ట్ బెర్లిన్ సభలో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనవర్ మూడో చరణం పాడదాం అన్నాడు, జనం లేచి పాడారు, యుద్ధంలో జర్మనీని ఓడించిన మిత్రదేశాల సైనిక కమాండెంట్లు మాత్రం కుర్చీల్లోంచి కదల్లేదు.

ప్రెసిడెంట్ హాయిస్ అయితే నాజీల కాలంలో ఇంత జరిగాక కొత్త పాటే కావాలని పట్టుబట్టాడు, కవి ష్రోడర్‌తో పాట రాయించాడు, స్వరకర్త రాయ్టర్ ట్యూన్ కట్టాడు, 1950 డిసెంబర్ 31 రాత్రి వినిపించారు కూడా. జనానికి ఎక్కలేదు. పాత పాట మీద జనానికున్న పట్టుని తక్కువ అంచనా వేశానని 1952 మేలో అడెనవర్‌కి రాసిన జవాబులో ఒప్పుకుని తలొగ్గాడు. ఆయన కొత్త పాట కావాలనడమే సరైనదని నాకనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఉత్తరాల్లో పాట మొత్తం జాతీయగీతమే, ప్రభుత్వ సభల్లో మాత్రం మూడో చరణం పాడాలి అన్నట్టు తేల్చారు, పార్లమెంటులో చట్టమేమీ చేయలేదు. మిగతా రెండు చరణాల సంగతి అలా గాల్లో ఉండిపోయింది.

ఇంగ్లండ్ చర్చిల్లో ఇదే ట్యూన్‌కి జాన్ న్యూటన్ అనే పాస్టర్ 1779లో రాసిన "గ్లోరియస్ థింగ్స్" కీర్తన పాడేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుంటే శత్రువు గీతం ట్యూన్‌లో దేవుణ్ణి ఎలా స్తుతిస్తాం అని ఇబ్బంది మొదలైంది, 1941లో సిరిల్ టేలర్ అదే మాటలకి కొత్త ట్యూన్ కట్టి తానున్న ఊరి పేరే పెట్టాడు, అబాట్స్ లీ. అక్కడ మాటలుంచి ట్యూన్ మార్చుకున్నారు, ఆస్ట్రియా వాళ్ళయితే యుద్ధం అయ్యాక హైడన్ ట్యూన్‌నే వదిలేసి వేరే గీతం పెట్టుకున్నారు.

జర్మనీలో మాత్రం మూడో చరణమే జాతీయగీతం అని స్పష్టంగా రాయడానికి 1991 దాకా ఆగారు, అదీ మళ్ళీ ఉత్తరాల్లోనే, అప్పటి ప్రెసిడెంట్ వైట్సెకర్‌కీ ఛాన్సలర్ కోల్‌కీ మధ్య.