ఆ ‘4’ ఎక్కణ్నుంచి వచ్చింది? సమీకరణం మార్కుల గొడవకి నేపథ్యం

పదో తరగతి ప్రీఫైనల్ పేపర్లు దిద్ది పిల్లల చేతికిచ్చారంటే విజయనగరం జిల్లాలో ఫిజికల్ సైన్స్ మాస్టార్లకి ఫోన్లు మొదలైనట్టే. ఈసారి గొడవ గరివిడి వైపు ఒక స్కూల్లో లేచింది. మాంగనీస్ డైఆక్సైడ్‌కీ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికీ మధ్య జరిగే చర్యకి సమీకరణం రాయమన్నారు. రావాల్సిన జవాబు MnO₂ + 4HCl → MnCl₂ + 2H₂O + Cl₂. పిల్లలు పదార్థాలన్నీ సరిగ్గానే రాశారు, బాణం గుర్తూ పెట్టారు. ఆమ్లం ముందు 4, నీటి ముందు 2 మాత్రం వేయలేదు. మార్కు పోయింది. ఒక్క అంకె కోసం జవాబంతా కొట్టేస్తారా అని తల్లిదండ్రులు, అంకె లేకపోతే అది సమీకరణమే కాదని మాస్టార్లు.

రసవాదుల దగ్గర్నుంచి ఎత్తుకోనక్కర్లేదు, ఆ కథ అందరూ విన్నదే. ఈ తగవుకి పనికొచ్చే సంవత్సరం 1789. ఆ ఏడాది అచ్చయిన తన రసాయనశాస్త్ర గ్రంథంలో ఫ్రాన్స్‌కి చెందిన లవోయిజర్ ద్రాక్షరసం పులియడం గురించి రాశాడు. ఒకవైపు ద్రాక్షరసం, మధ్యలో సమానం గుర్తు, రెండోవైపు కార్బానిక్ ఆమ్లం, ఆల్కహాల్. కార్బానిక్ ఆమ్లం అని అప్పట్లో అన్నది ఇప్పటి కార్బన్ డైఆక్సైడ్‌నే. మన తాటికల్లు కుండ మీద నురగ తెప్పించేదీ ఆ వాయువే.

ఆ సమానం గుర్తు అలంకారానికి పెట్టింది కాదు. చక్కెర ఎంత, నీళ్లెంత, ఈస్ట్ ఎంత అని ముందే తూచుకున్నాడు. పులిశాక వచ్చిన వాయువెంత, ఆల్కహాల్ ఎంత, మిగిలిందెంత అని మళ్లీ తూచాడు. చర్యకి ముందూ తరవాతా పదార్థం అంతే ఉంటుంది, కొత్తగా ఏదీ పుట్టదు అన్నది అతని పట్టు. అందుకే దీన్ని బీజగణిత సమీకరణంలా చూడొచ్చని, తెలియని ఒక్క విలువనీ లెక్కలోంచే రాబట్టొచ్చని అన్నాడు. అతని కొలతల్లో తప్పులున్నాయి, కానీ పద్ధతి నిలబడింది. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే 180 గ్రాముల గ్లూకోజ్ పులిస్తే 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల కార్బన్ డైఆక్సైడ్. లవోయిజర్ రాజుగారి పన్నులు వసూలు చేసే కంపెనీలో వాటాదారు కూడా. జమాఖర్చు చూసే కన్ను అక్కణ్నుంచే వచ్చిందేమో. ఆ వాటాయే 1794లో, ఫ్రెంచి విప్లవంలో, అతని తల తీయించింది.

అంటే మూలకాలకి అక్షరాల గుర్తులు రాకముందే తూకం వచ్చింది. స్వీడన్‌కి చెందిన బెర్జీలియస్ ఆ గుర్తులు ఇచ్చింది 1813-14లో. బళ్లో మాత్రం ఈ వరస తలకిందులవుతుంది. ముందు గుర్తులు, తరవాత ఫార్ములాలు, ఆఖర్న ‘ఇప్పుడు బ్యాలెన్స్ చెయ్యండి’, అంటే రెండువైపులా పరమాణువులు సమానమయ్యేలా ఫార్ములాల ముందు అంకెలు వేయండి అని. తూకం ఊసు లేకుండా అంకెలు వేయమంటే పిల్లలు ఏం చేస్తారో ఏ మాస్టారి దగ్గర పేపర్ల కట్ట విప్పినా కనిపిస్తుంది. ఆక్సిజన్ సరిపోవడం లేదని నీటి ఫార్ములాలోనే కింద ఇంకో 2 ఇరికిస్తారు. లెక్క సరిపోతుంది, నీళ్లు కాస్తా హైడ్రోజన్ పెరాక్సైడ్ అయిపోతాయి.

ఇక అసలు ప్రశ్న. అంకెలు లేకుండా పిల్లలు రాసినదాన్ని తూచి చూద్దాం. ఎడమవైపు 87 గ్రాముల మాంగనీస్ డైఆక్సైడ్, 36.5 గ్రాముల ఆమ్లం, మొత్తం 123.5. కుడివైపు మాంగనీస్ క్లోరైడ్ 126, నీరు 18, క్లోరిన్ 71, మొత్తం 215. తొంభై గ్రాములకి పైగా సరుకు గాల్లోంచి ఊడిపడింది. ఆమ్లం ముందు 4, నీటి ముందు 2 వేస్తే రెండువైపులా 233.

ఆ 4 లో ఇంకో సంగతి కూడా ఉంది. నాలుగు క్లోరిన్‌లలో వాయువుగా బయటికొచ్చేవి రెండే. మిగతా రెండూ మాంగనీస్‌ని పట్టుకుని ద్రావణంలో ఉండిపోతాయి. 1774లో స్వీడన్ రసాయనవేత్త షీలే ఈ చర్యతోనే ఆ ఘాటైన పసుపుపచ్చ వాయువుని మొదటిసారి తీశాడు గానీ, ఈ లెక్క అతని దగ్గర లేదు. పందొమ్మిదో శతాబ్దంలో బట్టలు తెల్లగా చేసే బ్లీచింగ్ పౌడర్ కోసం క్లోరిన్ తీసిన ఇంగ్లండ్ ఫ్యాక్టరీలకి మాత్రం అది డబ్బు లెక్క. సగం క్లోరిన్, వాడిన మాంగనీస్ అంతా వ్యర్థజలంతో పోయేవి. 1860లలో ఇంగ్లండ్ రసాయనవేత్త వెల్డన్ ఆ నీటికి సున్నం కలిపి గాలి పంపి మాంగనీస్‌ని తిరిగి రాబట్టాడు. అక్కడివాడే డీకన్ అసలు మాంగనీస్ జోలికే పోకుండా రాగి లవణాన్ని ఉత్ప్రేరకంగా (తను ఖర్చవకుండా చర్యని వేగంగా జరిపించేదిగా) పెట్టి, ఆమ్లం నుంచి క్లోరిన్‌ని గాలితోనే విడదీశాడు. ఇద్దరూ కుస్తీ పట్టింది ఈ ‘అంకె’ తోనే.

ఈ ప్రశ్న గరివిడి చుట్టుపక్కల స్కూల్లోనే తగవు కావడం విచిత్రం. దేశంలో మాంగనీస్ తవ్వకం 1890ల మొదట్లో ఈ ప్రాంతంలోనే మొదలైంది. అప్పటికి ఇది విశాఖపట్నం జిల్లా, విజయనగరం జిల్లా 1979లో గానీ ఏర్పడలేదు. ఇక్కడి కోడూరు గని పేరు మీద కోడూరైట్ అని ఒక రాయికి పేరే ఉంది. అప్పటికి ఖనిజానికి గిరాకీ ఉక్కు నుంచి వచ్చింది, క్లోరిన్ నుంచి కాదు.

తల్లిదండ్రుల వాదనలోనూ పస ఉంది. 2024-25 నుంచి మన పదో తరగతికి వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే తుల్యం (బ్యాలెన్స్) చేయనిదాన్ని స్కెలిటల్ ఈక్వేషన్ అంటుంది, కాబట్టి అదీ సమీకరణమే కదా అంటారు. చర్య ఏ రకమో రాయమనే ప్రశ్నల దగ్గర వాళ్లు అడిగేది ఇంకా న్యాయం. జింక్ ముక్క కాపర్ సల్ఫేట్‌లో వేస్తే అది స్థానభ్రంశమూ (ఒక లోహం ఇంకోదాన్ని తోసేసి దాని చోట చేరడం) అవుతుంది, ఆక్సీకరణ-క్షయకరణమూ (ఒకటి ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవడం, ఇంకోటి అందుకోవడం) అవుతుంది. ఒకటే రాస్తేనే మార్కు అంటే కుదరదు. ఆ విషయంలో మాస్టార్లు జవాబుల కీ మార్చుకోవాల్సిందే. మాంగనీస్ చర్యకి ఆ రెండు జవాబుల వాదన వర్తించదు. సంయోగం, వియోగం, స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం, ఈ నాలుగింటిలో ఎందులోనూ అది సరిగ్గా ఇమడదు. పుస్తకం దాన్ని ఆక్సీకరణ-క్షయకరణం కింద చూపిస్తుంది. నాలుగు ఆమ్ల అణువులకి రెండిట్లోని క్లోరినే ఆక్సీకరణం చెందిందని చెప్పడానికి అంకెలు తప్ప వేరే ఆధారం లేదు.

తొమ్మిదో తరగతి పుస్తకంలో రెండు ద్రావణాలని మూతపెట్టిన ఫ్లాస్కులో కలిపి, ముందూ తరవాతా తూచే ప్రయోగం ఉంది. పదిలో బ్యాలెన్సింగ్ అర్థం కావాలంటే ముందు అది చేయించాలి. సిలబస్ టెన్షన్‌లో మొదట ఎగిరిపోయేదీ అదే. ఆ స్కూల్లో చివరికి అరమార్కు ఇచ్చి సర్దుబాటు చేశారు. మార్చిలో రాసే పబ్లిక్ పేపర్లు స్పాట్ వాల్యుయేషన్‌కి వేరే జిల్లాకి వెళ్తాయి. అక్కడ ఫోన్ చేసి అడగడానికి ఎవరూ దొరకరు.