ఫారాబీ ఆదర్శ నగరం: అపోహలు, వాస్తవాలు

బోర్డు మీద ‘అల్-మదీనా అల్-ఫాదిలా’ అని రాయగానే క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు: “ప్రవక్త ఉన్న మదీనాయేనా సార్?” తత్వశాస్త్రం చెప్పేవాడిగా ఈ ప్రశ్నకు అలవాటుపడిపోయాను.

అపోహ: ఇది మదీనా పట్టణం గురించిన మాట.

కాదు. అరబ్బీలో మదీనా అంటే నగరం, ఫాదిలా అంటే సద్గుణాలు గలది. 950లో మరణించిన ముస్లిం తాత్వికుడు అల్-ఫారాబీ గ్రంథం అది. ప్లేటో ఆలోచనల నీడ అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

అపోహ: ఖలీఫాల పాలనను సమర్థించడానికే రాశాడు.

పాలకుడికి పుట్టుకతో ఉండాల్సిన 12 లక్షణాలను ఫారాబీ వరసగా చెబుతాడు. ఆరోగ్యమైన అవయవాలు, మంచి జ్ఞాపకశక్తి, మాటనేర్పు, చదువు మీద ప్రేమ, డబ్బంటే చులకన, న్యాయం మీద మక్కువ... ఎంత వెతికినా అందులో వంశం లేదు. ఖలీఫా ప్రవక్త పుట్టిన ఖురైష్ తెగవాడై ఉండాలని పండితులు పట్టుబట్టిన కాలం కాబట్టి, నాకు ఆ మౌనమే పెద్ద మాటగా వినిపిస్తుంది. అలాంటి తొలి పాలకుడి తర్వాత వచ్చేవాళ్లకు ఆరు షరతులు పెట్టాడు. అవన్నీ ఒక్కరిలో లేకపోతే ఇద్దరు కలిసి పాలించవచ్చు, ఇంకా ఎక్కువమందైనా సరే. వివేకం మాత్రం ఎవరో ఒకరిలో ఉండి తీరాలి. అది లోపిస్తే మిగతావన్నీ ఉన్నా ఆ నగరానికి రాజు లేనట్టే, పతనం తప్పదంటాడు.

అపోహ: ఆదర్శ సమాజమంటే అందరిదీ ఒకే మతం.

ఇక్కడే చాలామంది ఆశ్చర్యపోతారు. తాత్వికుడు తర్కంతో తెలుసుకున్న సత్యాన్నే మతం జనానికి ప్రతీకలతో చెబుతుందని ఫారాబీ వాదన. ఏ జాతికి ఏ ప్రతీకలు దగ్గరో వాటితోనే చెప్పాలి కనుక, సద్గుణ నగరాల మతాలు వేరువేరుగా ఉండవచ్చు, గమ్యమైన ఆనందం మాత్రం ఒకటే.

అపోహ: ఎవరిష్టం వారిదైన నగరాన్ని పూర్తిగా తోసిపుచ్చాడు.

దాన్ని ‘అజ్ఞాన నగరాల’ (నిజమైన ఆనందమేమిటో తెలియని నగరాల) జాబితాలోనే చేర్చాడు, నిజమే. అయితే అన్ని రకాల మనుషులూ చేరే ఆ ఊళ్లోనే కాలక్రమంలో జ్ఞానులు కూడా పుట్టుకురావచ్చని మరోచోట ఒప్పుకున్నాడు.

అపోహ: తర్వాతివాళ్లు ఇదే పాట పాడారు.

చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1377లో రాసిన ‘ముఖద్దిమా’లో, తాత్వికుల ఆదర్శ నగరం ఊహకే పరిమితమని పక్కన పెట్టాడు. తాత్వికుడు ఇబ్న్ రుష్ద్ (1126–1198) ప్లేటో ‘రిపబ్లిక్’కు వ్యాఖ్య రాస్తూ తన కాలపు నగరాలను నిలదీశాడు: స్త్రీలను పిల్లల్ని కనడానికే పరిమితం చేసి మొక్కల్లా ఉంచారు, ఈ నగరాల పేదరికానికి అదీ ఒక కారణం. ఆ వ్యాఖ్య అరబ్బీ మూలం నేటికీ దొరకలేదు. హీబ్రూ అనువాదంలో మిగిలినదాన్నే మేం క్లాసులో చదువుతాం.