చెట్లు కొట్టి కాపాడుకునే నేల

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని డోర్సెట్‌లో ప్రకృతి సంరక్షణ సంస్థలే పైన్, బర్చ్ చెట్లను కొట్టిస్తుంటాయి. చూసినవాళ్ల మనసు చివుక్కుమంటుంది. చెట్లు పెంచాలని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చినవాళ్లం కదా! కానీ పొట్టి పొదలతో నిండి, చెట్లు లేకుండా ఉండే అక్కడి హీత్ నేలల కథ వింటే ఆ గొడ్డలి మీద కోపం రాదు.

అది ఇసుక నేల. సారం తక్కువ. సుమారు 4 వేల ఏళ్ల కిందట, కంచు యుగంలో, రైతులు అక్కడి అడవి నరికి సాగు మొదలుపెట్టారు. వానలకు ఉన్న కాస్త సారమూ కిందికి దిగిపోయింది. పంట రాని ఆ నేలను హెదర్ పొదలు, గోర్స్ ముళ్లపొదలు అల్లుకున్నాయి. ఆగస్టులో హెదర్ పూస్తే కనుచూపు మేరా వంగపువ్వు రంగే.

ఆ పైన దాన్ని అలా నిలిపింది ఊరి జనం. పశువుల్ని మేపారు. గోర్స్ కొట్టి రొట్టెలు కాల్చుకున్నారు. పైమట్టిని వేళ్లతో సహా పెళ్లలుగా కోసి, ఎండబెట్టి, చలికాలం పొయ్యి రాజేసుకున్నారు. బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క ఆకులు కోసుకెళ్లి కొట్టంలో పశువుల కింద పరిచారు. ఏటా ఇలా తీసుకుపోతుంటే సారం పేరుకోలేదు, చెట్టు తలెత్తలేదు.

ఇంతమందిని బతికించిన నేలకు కాగితాల్లో పడిన పేరు 'వేస్ట్'. తర్వాత ఈస్టిండియా కంపెనీ రెవెన్యూ అధికారులు మన గడ్డినేలలనూ అదే చూపుతో బంజర్ల కింద రాసేశారు.

పనికిరానిదని పేరు పడ్డాక ఎవరైనా ఏమైనా చేయొచ్చు. బోర్న్‌మత్ పట్టణం హీత్ మీదే లేచింది. 1919లో ఏర్పడిన ఫారెస్ట్రీ కమిషన్ కలప కోసం పైన్ తోటలు వేసింది. ఎరువులొచ్చాక మిగతాది దున్నేశారు. 1811లో డోర్సెట్‌లో సుమారు 30 వేల హెక్టార్ల హీత్ ఉంటే, 1960 నాటికి 10 వేలే మిగిలిందని నార్మన్ మూర్ అనే శాస్త్రవేత్త 1962లో లెక్క తేల్చారు. అదీ వందకు పైగా ముక్కలుగా. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ ముక్కల సంగతే. ఇసుకలో గుడ్లు పెట్టే బల్లి ఒక ముక్కలో చచ్చిపోతే, రోడ్డు దాటి పక్క ముక్క నుంచి ఇంకొకటి రాలేదు.

1962-63 చలికాలంలో మంచు కమ్మేసింది. గోర్స్ పొదల్లో సాలీళ్లను ఏరుకు తినే డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్ పిట్ట వలస పోదు. వసంతం వచ్చేసరికి దేశం మొత్తం మీద డజను జంటలు కూడా మిగల్లేదు.

తర్వాత రక్షిత స్థలాలు వచ్చాయి, 1981 వన్యప్రాణి చట్టం వచ్చింది. దున్నడం, కట్టడం తగ్గాయి. కానీ అప్పటికే మేతా, కోతా ఆగిపోయాయి. మనిషి చెయ్యి తీసేస్తే పదీ ఇరవై ఏళ్లలో బర్చ్ మొలకలు పైకి లేచి హెదర్‌ను నీడలో చంపేస్తాయి. అందుకే ఆ గొడ్డళ్లు.

2020లో డోర్సెట్‌లోని పర్బెక్‌లో వేర్వేరు సంస్థల చేతుల్లో ఉన్న నేలలను కలిపి 3,331 హెక్టార్ల ఒకే రిజర్వుగా ప్రకటించారు. ఆవులు, పొట్టి గుర్రాలు, పందులు మధ్యలో కంచెలు లేకుండా మళ్లీ అక్కడ మేస్తున్నాయి. హీత్‌కు 400 మీటర్ల లోపు కొత్త ఇళ్లకు అనుమతి లేదు. వాకింగ్‌కు తెచ్చిన కుక్క వేసే పెంట కూడా ఆ నేలకు ఎరువే, సారం పెరిగితే హీత్‌కు చేటే మరి.