చవక లైసెన్స్ కీలు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో కంప్యూటర్ల మరమ్మతు పని చేసే నన్ను డీటీపీ సెంటర్ల యజమానులు, ఎనుమాముల మార్కెట్ అడ్తిదారుల గుమాస్తాలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: మైక్రోసాఫ్ట్ కంపెనీ వేల రూపాయలకు అమ్మే విండోస్, ఆఫీస్ కీలు (సాఫ్ట్‌వేర్‌ను యాక్టివేట్ చేసే అక్షరాలు, అంకెల వరుసలు) ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకే దొరుకుతుంటే ఎందుకు కొనకూడదు?

అపోహ: యాక్టివేట్ అయితే అది అసలైన లైసెన్సే.
వాస్తవం: మైక్రోసాఫ్ట్ సర్వర్ కీ చెల్లుతుందా లేదా అన్నదే చూస్తుంది తప్ప, దాన్ని అమ్మే హక్కు అమ్మినవారికి ఉందా అన్నది చూడదు. ఇలాంటి కీలు తరచుగా ఏదో కళాశాలకో కార్యాలయానికో ఇచ్చిన వాల్యూమ్ లైసెన్సుల (అనేక కంప్యూటర్లకు కలిపి ఇచ్చే లైసెన్సుల) నుంచి బయటికి పొక్కినవే. వాటిలో ఎంఏకే (ఒకే కీతో పలు కంప్యూటర్లను యాక్టివేట్ చేసే) రకానికి యాక్టివేషన్ల సంఖ్య పరిమితం కాబట్టి, ఈ రోజు పనిచేసిన కీ రేపు ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డిస్క్) మార్చి మళ్లీ విండోస్ ఎక్కించినప్పుడు పనిచేయకపోవచ్చు. సంస్థ సొంత సర్వర్ ద్వారా జరిగే కేఎంఎస్ రకం యాక్టివేషన్ 180 రోజులే ఉంటుంది. ఆలోగా ఆ సర్వర్‌ను మళ్లీ అందుకోకపోతే గడువు తీరుతుంది. సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీలో ‘మీ సంస్థ యాక్టివేషన్ సర్వీస్’ అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తే, ఆ సంస్థ ఏదో అమ్మినవారినే అడగాలి.

అపోహ: ‘లైఫ్‌టైమ్ ఆఫీస్ 365’ అంటే ఒకసారి కొంటే చాలు.
వాస్తవం: మైక్రోసాఫ్ట్ 365 (ఆఫీస్ 365కి కొత్త పేరు) చందా పద్ధతిలో అమ్మే సేవ కాబట్టి, ఈ ప్రకటనలోని మొదటి మాటే అబద్ధం. నిజానికి మీకు అందేది కీ కాదు, ఎవరో తెరిచిన ఖాతా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. ఆ ఖాతాపై అడ్మిన్ అధికారం వారి చేతిలోనే ఉంటుంది. వారు తలచుకుంటే పాస్‌వర్డ్ మార్చగలరు, ఖాతా తీసివేయగలరు, ఆ ఖాతా ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లోని మీ ఫైళ్లను తెరిచి చూడగలరు. ఖాతాదారుల పాన్, జీఎస్టీ వివరాలు దాచుకునే అకౌంటెంట్లు ఇలాంటి ఖాతాలు వాడటం చూస్తే నాకు చట్టం కంటే ముందు ఈ భయమే కలుగుతుంది.

అపోహ: బిల్లు ఉంది కాబట్టి చిక్కు లేదు.
వాస్తవం: బిల్లు డబ్బు చెల్లించినట్టు చూపుతుందే గాని, లేని హక్కును ఇవ్వదు. కాపీరైట్ చట్టం, 1957లోని 63బి సెక్షన్ ప్రకారం కాపీరైట్ ఉల్లంఘించిన ప్రతి అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపారానికి కాని వాడకానికే కోర్టు సడలింపు ఇవ్వగలదు. కొందరు అమ్మకందారులు, వాడిన సాఫ్ట్‌వేర్ లైసెన్సును మళ్లీ అమ్మవచ్చన్న 2012 నాటి యూరోపియన్ న్యాయస్థానం తీర్పును చూపుతారు. అది మన దేశానికి వర్తించదు, పైగా మూకుమ్మడి లైసెన్సును ముక్కలు చేసి అమ్మడాన్ని ఆ తీర్పే ఒప్పుకోలేదు.

అపోహ: కీ కొనే బదులు యాక్టివేటర్ (కీ కొనకుండానే యాక్టివేట్ చేసే దొంగ ప్రోగ్రామ్) వాడితే మేలు.
వాస్తవం: యాంటీవైరస్ ఆపితే గాని నడవని ప్రోగ్రామ్‌ను నమ్మడానికి కారణమే లేదు.

అసలు కీ అవసరమే లేని వారు కూడా కొంటున్నారు. విండోస్ 8 కాలం నుంచి విండోస్‌తోనే వచ్చిన ల్యాప్‌టాప్‌లలో కీ సాధారణంగా మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్‌ను (హోమ్, ప్రో వంటి రకాన్ని) మళ్లీ ఎక్కిస్తే ఇంటర్నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఫార్మాట్ చేసినందుకు కీ ఖర్చు కూడా అడిగే మెకానిక్‌ను, ముందు ఆ పాత కీ ఏమైందో చూపమనండి.