కళ్లజోడు తీసేయాలా? లేజర్ ఆపరేషన్‌పై అపోహలు - వాస్తవాలు

"గడ్డం ఇక్కడ ఆనించండి. నుదురు పట్టీకి తాకించండి. రెప్ప వేయకుండా ఎదురుగా కనిపించే వెలుగునే చూడండి." నేను రోజూ ఎన్నోసార్లు చెప్పే మాటలివి. నేను ఆప్టోమెట్రిస్టును. కళ్లజోడు వదిలించుకోవాలని వచ్చేవారు సర్జన్ గదిలోకి వెళ్లే ముందు నా ఎదుట కూర్చుంటారు, వారి కంటి కొలతలు నేను తీస్తాను. కూర్చోగానే చాలామంది అడిగేది "ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు?" అని. "అసలు నా కంటికి చేయవచ్చా?" అని అడిగేవారు తక్కువ. ఈ రెండో ప్రశ్న ముందు అడగాలి. దానికి జవాబు కొలతల్లోనే దొరుకుతుంది.

అపోహ: సైటు ఉన్న ఎవరికైనా చేయవచ్చు

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. నడిమధ్యలో దాని మందం సగటున 540 మైక్రాన్లు ఉంటుంది. మనం రాసుకునే తెల్ల కాగితాలు ఓ ఐదారు పేర్చితే ఎంతో అంత. లేజర్ ఈ పొరలోంచి కొంత కణజాలాన్ని తీసేసి, దాని వంపును మారుస్తుంది. ఒక్కో మైనస్ పవర్‌కు దాదాపు 12 నుంచి 16 మైక్రాన్లు పోతాయి. లేసిక్ అనే లేజర్ పద్ధతిలో అంతకంటే ముందు 100 నుంచి 120 మైక్రాన్ల పల్చటి మూతను పైకి లేపుతారు. ఇవన్నీ పోగా అడుగున కనీసం 250 మైక్రాన్లు మిగలాలి. 300 మిగిలితేనే చేస్తామనే సర్జన్లు చాలామంది.

ఇద్దరిని ఊహించుకోండి. ఒకరి కార్నియా మందం 540, పవర్ మైనస్ 4. మూతకు 110, చెక్కడానికి 60 తీసేస్తే 370 మిగులుతుంది. హాయిగా సరిపోతుంది. రెండో వ్యక్తి మందం 490, పవర్ మైనస్ 9. మూతకు 110, చెక్కడానికి 135 తీసేస్తే మిగిలేది 245. ఎంత ఖర్చు పెట్టినా ఆ కంటికి లేసిక్ చేయకూడదు. అలాంటివారికి కంటి లోపల అమర్చే ఐసీఎల్ లెన్స్ సరిపడవచ్చు. దానికి వేరే కొలతలు, వేరే జాగ్రత్తలు ఉంటాయి. ఏదీ సరిపడకపోతే కళ్లజోడే మంచిది.

మందం సరిపోయినంత మాత్రాన పని పూర్తికాదు. నాకు ఎక్కువ భయం కార్నియా ఆకారం విషయంలోనే. కెరటోకోనస్ అనే జబ్బులో కార్నియా పల్చబడి, శంకువులా ముందుకు పొడుచుకు వస్తుంది. తొలిదశలో మనిషికి ఏమీ తెలియదు. కళ్లజోడు పెట్టుకుంటే చార్టులో చివరి వరుస కూడా చదివేస్తారు. కార్నియా ముందు, వెనక వంపులను రంగుల పటంలా చూపే టోపోగ్రఫీ, టోమోగ్రఫీ పరీక్షల్లోనే అది బయటపడుతుంది. అలాంటి కంటికి లేజర్ చేస్తే పొర బలం తగ్గి, నెలలకో ఏళ్లకో ఉబ్బిపోవచ్చు. అప్పుడు మామూలు కళ్లజోడుతో చూపు సరిపోదు. గట్టి కాంటాక్ట్ లెన్సులు, పొరను బిగించే క్రాస్‌లింకింగ్ అవసరం కావచ్చు. కొందరికి కార్నియా మార్పిడి దాకా పోవచ్చు.

అందుకే అందరినీ అడుగుతాను, "కళ్లు నలుపుకునే అలవాటు ఉందా?" అని. పిల్లలు లేదంటారు. పక్కన కూర్చున్న అమ్మ "చిన్నప్పటి నుంచీ వేసవి వస్తే నలుపుతూనే ఉంటాడండీ" అంటుంది. అలర్జీతో కళ్లు దురదపెట్టి నలుపుకోవడానికీ కెరటోకోనస్‌కూ దగ్గరి సంబంధం ఉంది. అమ్మ చెప్పిన ఆ ఒక్క మాటతో నేను పటాన్ని మరోసారి జాగ్రత్తగా చూస్తాను.

కాంటాక్ట్ లెన్సులు వాడేవారికి ఒక మనవి. లెన్సు కార్నియా ఆకారాన్ని తాత్కాలికంగా మారుస్తుంది. మెత్తటి లెన్సులైతే పరీక్షకు ఒకటి రెండు వారాల ముందే మానేయాలి. గట్టివైతే ఇంకా ముందే మానాలి. నిన్నటిదాకా పెట్టుకుని ఈరోజు వచ్చినవారిని నేను వెనక్కి పంపేస్తాను. ఎంత దూరం నుంచి వచ్చినా సరే. తప్పుడు కొలత మీద ఆపరేషన్ జరగడం కంటే మరో ప్రయాణం మేలు.

అపోహ: లేజర్ వేడికి కన్ను కాలుతుంది

కంటి పవర్ సరిచేసే ఎక్సైమర్ లేజర్ 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. అది కణజాలాన్ని కాల్చదు. అణువుల మధ్య బంధాలను తెంపి, పలుచటి పొరలుగా తీసేస్తుంది. చుట్టుపక్కల భాగానికి వేడి దాదాపు చేరదు. ఈ గుణాన్ని 1981లో అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలలో రంగస్వామి శ్రీనివాసన్ బృందం గుర్తించింది. మన మద్రాసులో పుట్టిన శాస్త్రవేత్త ఆయన. పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కను ఇంటి నుంచి తెచ్చి, దానిపై లేజర్ ప్రసరింపజేసి చూశారు. అంచులు మాడకుండా శుభ్రమైన గాడి పడింది. 1983లో ఆయన, నేత్రవైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్ కలిసి కార్నియా మీద దాని పనితీరును చూపించారు.

ఆపరేషన్ బల్ల మీద కమురు వాసన లాంటిది వస్తుంది. కాలిన వాసన కాదది, ఎగిరిపోతున్న సూక్ష్మకణాల వాసన. కన్ను కదిలితే ఏమవుతుందోనన్న భయమూ అక్కర్లేదు. యంత్రం కంటి కదలికను వెంటాడుతుంది, మరీ ఎక్కువ కదిలితే లేజర్ ఆగిపోతుంది.

అపోహ: తాతయ్యకు చేసిన లేజర్ కూడా ఇదే

కాదు. షుగర్ వల్ల కంటి వెనక తెరలా ఉండే రెటీనా దెబ్బతిన్నప్పుడు వేసే లేజర్ వేరు, శుక్లం ఆపరేషన్ తర్వాత మసకబారిన పొరను తెరిచే లేజర్ వేరు. ఒకరి అనుభవం మరొకరికి వర్తించదు.

అపోహ: ఒకసారి చేయించుకుంటే ఇక జీవితంలో కళ్లజోడు ఉండదు

నలభై దాటాక అందరికీ చత్వారం వస్తుంది. కంటి లోపలి సహజ లెన్సు బిగుసుకుపోయి, దగ్గరి అక్షరాలు కనిపించవు. లేజర్ చేసేది కార్నియాకు కాబట్టి చత్వారం ఆగదు. ఇంకో సంగతి కూడా ఉంది. మైనస్ 2, 3 ఉన్నవారు ఆ వయసులో కళ్లజోడు తీసేసి పుస్తకం చదువుకోగలరు, సూదిలో దారం ఎక్కించుకోగలరు. లేజర్‌తో ఆ సౌకర్యం పోతుంది. నలభై మూడేళ్ల వయసులో దూరపు చూపు కోసం ఆపరేషన్ చేయించుకుని, మర్నాటి నుంచి దినపత్రికకు కళ్లజోడు వెతుక్కునేవారిని చూశాను. ముందే తెలిసి ఒప్పుకుంటే ఇబ్బంది లేదు. తెలియకపోతే మోసపోయామన్న బాధ మిగులుతుంది.

చిన్న వయసులో సమస్య మరోలా ఉంటుంది. పద్దెనిమిది నిండి, కనీసం ఏడాదిగా పవర్ కదలకుండా ఉండాలి. పెళ్లిచూపుల ముందు కళ్లజోడు తీసేయించాలని ఆడపిల్లలను తీసుకొస్తారు. "వచ్చే నెలలోనే ముహూర్తం" అంటారు. పాత చీటీ చూస్తే గత ఏడాది కంటే ముప్పావు పవర్ పెరిగి ఉంటుంది. ఇప్పుడు చేస్తే మళ్లీ కళ్లజోడు వస్తుందని నేను చెప్పినప్పుడు, తల్లిదండ్రుల కంటే ముందు ఆ అమ్మాయి ముఖంలో తేలిక కనిపించిన సందర్భాలున్నాయి. ఆపరేషన్ కోరిక ఎవరిదో కూడా అడగాలని అప్పుడే నేర్చుకున్నాను. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ఆగాలి, ఆ రోజుల్లో పవర్ నిలకడగా ఉండదు.

అపోహ: సైటు పోయింది కనుక కన్ను మామూలైపోయింది

ఎక్కువ మైనస్ ఉన్న కన్ను మామూలు కంటి కంటే పొడవుగా ఉంటుంది. లోపలి రెటీనా సాగి పల్చబడి ఉంటుంది. లేజర్ కంటి ముందుభాగంలోని కార్నియాను మారుస్తుంది, కంటి పొడవును మార్చదు. కనుక రెటీనా చిరిగే, ఊడే ప్రమాదం ఆపరేషన్ తర్వాత కూడా అంతే ఉంటుంది. ముందే చుక్కల మందు వేసి, కనుపాపను పెద్దది చేసి రెటీనా చూడాలి. తర్వాత కూడా ఏటా చూపించుకోవాలి. ఉన్నట్టుండి మెరుపులు, నల్ల చుక్కల వాన, చూపుకు పక్క నుంచి తెర అడ్డుపడటం... వీటిలో ఏది కనిపించినా ఆరోజే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

చిన్నప్పటి నుంచి ఒక కంటి చూపు మందంగా ఉంటే, కళ్లజోడుతో ఎంత కనిపిస్తుందో లేజర్‌తోనూ దాదాపు అంతే కనిపిస్తుంది.

అపోహ: కొత్త పద్ధతిలో కళ్లు పొడిబారవు

పీఆర్‌కే అనే లేజర్ పద్ధతిలో మూత ఉండదు. పై పొరను తొలగించి చేస్తారు. మూడు నాలుగు రోజులు నొప్పి, మంట ఉంటాయి, చూపు నెమ్మదిగా తేటపడుతుంది. స్మైల్ అనే కొత్త పద్ధతిలో చిన్న గాటు గుండా లోపలి పలుచటి పలకను బయటికి తీస్తారు. లేసిక్‌లో మూత చుట్టూ నరాలు ఎక్కువగా తెగుతాయి. స్మైల్‌లో తక్కువ తెగుతాయి కానీ తెగుతాయి. నరాలు కోలుకునే దాకా కన్నీటి తడి తగ్గుతుంది. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో సర్దుకుంటుంది. కొందరికి మిగిలిపోతుంది. రోజంతా ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేవారి కళ్లు అప్పటికే పొడిగా ఉంటే, ముందు దానికి చికిత్స చేయాలి. రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కూడా తొలి నెలల్లో కనిపించవచ్చు. రాత్రి బండి నడపడమే జీవనాధారమైనవారు ఈ సంగతి సర్జన్‌తో విడిగా మాట్లాడాలి.

అపోహ: ప్రభుత్వ ఉద్యోగానికి లేజర్ దగ్గరి దారి

కొన్ని ఉద్యోగాలకు లేజరే అడ్డంకి. అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుల ప్రకటనల్లో లేసిక్ చేయించుకున్నవారు అనర్హులని రైల్వే రాస్తూ వచ్చింది. దరఖాస్తు చేయబోయే ఉద్యోగం ప్రకటనలో వైద్య ప్రమాణాల పేజీని పూర్తిగా చదివాకే ఆసుపత్రికి రండి. చేసిన లేజర్‌ను వెనక్కి తీసుకోలేం.

అపోహ: ఆపరేషన్ అయ్యాక పాత కాగితాలతో పనిలేదు

ఇప్పటి పాతికేళ్ల యువకుడికి అరవైలో శుక్లం రావచ్చు. అప్పుడు కంటిలో పెట్టే లెన్సు పవర్‌ను కార్నియా వంపును బట్టి లెక్కిస్తారు. లేజర్ ఆ వంపును మార్చేసింది కనుక మామూలు లెక్క తప్పుతుంది. ఆపరేషన్‌కు ముందరి కొలతలు చేతిలో ఉంటే లెక్క తేలికవుతుంది. నీటికాసుల (గ్లకోమా) పరీక్షలోనూ ఇదే చిక్కు. పల్చబడిన కార్నియా మీద కంటి పీడనం అసలు కంటే తక్కువగా నమోదవుతుంది, జబ్బు దాక్కునే వీలుంది. కనుక ఏ కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లినా "నాకు లేజర్ అయింది" అని మొదటే చెప్పండి. ఆపరేషన్‌కు ముందరి పవర్, కార్నియా మందం, వంపు, రంగుల పటం ఉన్న కాగితాలు అడిగి తీసుకోండి. ఫోనులో ఫొటో తీసి, అసలు కాగితాలను ఇంటి దస్తావేజులున్న బీరువాలోనే పెట్టండి.