అమ్మ ఖాతాకీ బడి రికార్డుకీ ముడి ఎప్పుడు పడింది?

జూన్‌లో బడులు తెరిచిన వారం కోనసీమలో ఏ సచివాలయం మెట్లెక్కినా ఆధార్ జిరాక్సులు పట్టుకున్న తల్లులే. "మా బుడ్డోడి పేరు లిస్టులో ఉందాండి?" అని ఒకావిడ అడిగింది. కంప్యూటర్ ముందున్న కుర్రాడు వెతికి, "పేరు మ్యాచ్ అవట్లేదండి" అన్నాడు. ఆధార్‌లో ఇంగ్లిషులో రాసిన పేరులో ఉన్న 'హెచ్' బడి రికార్డులో లేదు. ఆగింది బడి పిల్లల తల్లులకి ప్రభుత్వం వేసే 'తల్లికి వందనం' 13 వేలు.

ఇలా లిస్టులు చూడకుండా అందరికీ డబ్బు ఇవ్వాలన్న ఆలోచన మాత్రం చాలా పాతది. భూమి అందరి ఉమ్మడి సొత్తు కాబట్టి 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ 15 పౌండ్లు ఇవ్వాలని ఇంగ్లండులో పుట్టిన రాజకీయ రచయిత థామస్ పెయిన్ 1797లోనే వాదించాడు. డెల్టా వాళ్లకి ఇది వింతగా తోచదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పొలాల విలువ పెరిగింది గోదారి నీళ్ల వల్లే, కానీ ఆ పెరిగిన విలువంతా పట్టా ఉన్నవాళ్లదైంది. ఇప్పటికీ కేంద్రం రైతులకి ఏటా ఇచ్చే పీఎం కిసాన్ 6 వేలు భూమి ఎవరి పేర ఉంటే వారికే. దుక్కి దున్నే కౌలు రైతుకి రాదు.

మన దేశంలో ఈ చర్చను పెద్దది చేసింది 2016-17 ఆర్థిక సర్వే. మనిషికి ఏడాదికి 7,620 రూపాయల చొప్పున జనాభాలో 75 శాతానికి ఇస్తే జీడీపీలో 4.9 శాతం ఖర్చవుతుందని లెక్క వేసింది. అంత భారం ఎవరూ ఎత్తుకోలేదు. బదులుగా రైతుకి కొంత, తల్లికి కొంత అంటూ ముక్కలుగా పథకాలొచ్చాయి. అందరికీ ఇస్తే జాబితా అక్కర్లేదు. కొందరికే ఇవ్వాలంటే ఆ కొందరెవరో తేల్చాలి.

పిల్లల విషయంలో ఆ పని బడి రికార్డు మీద పడింది. 1990లలో మొదలైన 'డైస్' అనే బడుల సమాచార వ్యవస్థ ఏ బడిలో ఎంతమంది ఉన్నారో లెక్కగట్టేది, అంతే. 2022-23 నుంచి దాని తర్వాతి రూపమైన యూడైస్ ప్లస్‌లో ఒక్కో పిల్లాడి వివరాలూ విడిగా ఎక్కుతున్నాయి. ఊరు మారిన పిల్లలు ఏ బడిలో తేలారో, అసలు తేలారో లేదో దాని వల్ల తెలుస్తుంది. ఇటుకబట్టీలకి వలసపోయే కుటుంబాల పిల్లలకి అది చిన్న మేలు కాదు.

పిల్లల్ని బడికి పంపే తల్లికి డబ్బిచ్చేందుకు 2020 జనవరి 9న మొదలైన అమ్మఒడి పథకంతో హాజరు పట్టీ స్వభావమే మారింది. 75 శాతం హాజరుంటేనే 15 వేలు. అప్పటిదాకా పిల్లాడు బడికొచ్చాడా అని చూసిన టీచరు ఇంటికొచ్చే డబ్బుకి కూడా పూచీదారు అయ్యాడు. పాఠం చెప్పాల్సిన గంటలో యాప్‌తో కుస్తీ పట్టే టీచర్లను నేనే చూశాను. ఇక నెలకి 300 యూనిట్ల కరెంటు దాటితే డబ్బు రాదన్న నిబంధన ఉంది. అన్నదమ్ముల రెండు కుటుంబాలు ఒకే మీటరు వాడుకుంటుంటే అది ఎవరి కరెంటని లెక్క?

2025లో అమ్మఒడి స్థానంలో వచ్చిన తల్లికి వందనం ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అందరికీ అంది, బడి నిర్వహణకి 2 వేలు పట్టుకుని 13 వేలు వేసింది. అందరికీ ఇవ్వాలన్న ఆలోచనకి ఒక అడుగు దగ్గరే, కానీ జాబితా పోలేదు.

ఆ మధ్యాహ్నం అదే వరసలో ఓ ముసలమ్మ కూడా నిలబడింది. కూతురు కువైట్‌లో ఇంటిపనిలో ఉంది, మనవరాలు ఈవిడ దగ్గరే పెరుగుతోంది. "తల్లి వేలిముద్ర కావాలండి" అన్నాడు కుర్రాడు. ఆవిడ తన వేలు చీరకొంగుకి తుడుచుకుని మిషన్ మీద పెట్టింది.