తీగపాకం, గాజుపోగు

అంతర్వేది పల్లిపాలెం రేవులో ఓ మధ్యాహ్నం ఫైబర్ బోటుకి అతుకు వేస్తుంటే చూస్తూ నిలబడ్డాను. పగిలిన చోట గీకి, తెల్లటి మ్యాట్ ముక్క పరిచి, రెసిన్ అనే జిగురు పోసి బ్రష్‌తో అద్దుతున్నాడు ఒకాయన. "ముట్టుకోకండి బాబూ, రెండ్రోజులు దురద వదలదు" అన్నాడు. అప్పటికే ముట్టుకున్నాను.

దురద పెట్టింది ఆ మ్యాట్‌లోని గాజు. చేయి జారితే ముక్కలైపోయే ఆ గాజే పోగుగా మారితే కెరటాల దెబ్బ కాస్తుంది. 1920లో ఇంగ్లండులో గ్రిఫిత్ అనే ఇంజినీరు సన్నటి గాజుపోగుల్ని లాగి తెంపి చూశాడు. పోగు సన్నబడేకొద్దీ బలం పెరుగుతూ వచ్చింది. గాజు విరిగేది దాని ఒంటిమీద కంటికి కనపడని గీతల దగ్గర. పోగే సన్నగా ఉంటే పెద్ద గీత పడే చోటే ఉండదు. ఇంటి స్లాబులో వాడే 500 గ్రేడు ఊచ, చదరపు మిల్లీమీటరుకి 50 కిలోల బరువు దగ్గర సాగడం మొదలుపెడుతుంది. అప్పుడే తీసిన మామూలు గాజుపోగు అదే లెక్కన 340 కిలోల దాకా ఓరుస్తుంది.

బలం సంగతి అంతే. కష్టమంతా ఆ పోగు తీయడంలో ఉంది.

ప్లాటినం, రోడియం కలిపి చేసిన పళ్లెం ఒకటి ఉంటుంది. జంతికల గొట్టం అడుగు బిళ్లలాంటిదే, కాకపోతే వందల నుంచి వేల చిల్లులు, ఒక్కోటీ ఒకటి రెండు మిల్లీమీటర్లు. కరిగిన గాజు అందులోంచి దిగుతుంటే కింద తిరిగే చక్రం సెకనుకి పదుల మీటర్ల వేగంతో లాగేస్తుంది. చేతికొచ్చే పోగు మందం 10, 20 మైక్రాన్లు (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వెంట్రుక దానికి ఎన్నో రెట్లు లావు.

ఇక్కడ నాకు మా అమ్మమ్మ పాకం గుర్తొస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి చూసేది. లేతగా ఉంటే బొట్టు కారుతుంది, ముదిరితే తీగ తెగుతుంది. గాజుదీ అదే వరస. తేనెకన్నా బాగా చిక్కగా ఉన్నప్పుడే పోగు సాగుతుంది. మామూలు ఫైబర్లో వాడే ఈ-గ్లాసుకి ఆ పదును సుమారు 1200 డిగ్రీల దగ్గర వస్తుంది. కానీ పాకానికి ఇంకో గండం ఉంది: పంచదార కట్టడం. గాజు కూడా ఒక వేడికి దిగువన ఎక్కువసేపు నిలిస్తే పలుకులు, అంటే స్ఫటికాలు, కడుతుంది. ఒక్క పలుకు చిల్లుకి అడ్డం పడిందంటే ఆ పోగు తెగుతుంది, దాని బొట్టు పక్క పోగుల మీద పడుతుంది, కాసేపట్లో మొత్తం కట్ట తెగి ఊరుకుంటుంది. అందుకే పోగు తీసే వేడికీ, పలుకు కట్టే వేడికీ మధ్య కనీసం 50, 60 డిగ్రీల ఎడం ఉండాలంటారు. కొత్త గాజు రూపొందించేవాళ్లు రాత్రీపగలూ లెక్కలు కట్టేది ఈ ఎడం కోసమే.

పాకం పంచదార కట్టకుండా అమ్మమ్మ నిమ్మచెక్క పిండేది. ఆ పులుపు పంచదారని రెండు రకాల చక్కెరలుగా విడగొడుతుంది. వాటి మధ్య పంచదారకి వరసలు కట్టడం కుదరదు. గాజులో కూడా ఇసుకలోని సిలికాకి అల్యూమినా, సున్నం, మెగ్నీషియా కలపడంలో ఒక ఉద్దేశం అదే. పెళ్లి బంతిలో ఒకే చోటుకి మూడు ఇళ్లవాళ్లు ఎగబడితే ఎవరూ కూర్చోలేరు చూడండి, అలా రెండు మూడు రకాల పలుకులు పోటీపడేలా పాళ్లు కుదిరిస్తే ఏదీ తొందరగా కట్టదు.

గాజుని పలచన చేయడానికి చవకైన దారి సోడా. కిటికీ అద్దాల్లో ఉండేది అదే. కానీ సోడా ఎక్కువైన పోగుని నీళ్లు మెల్లగా తినేస్తాయి, పడవకి పనికిరాదు. అందుకని బోరాన్ పట్టుకున్నారు. 5 నుంచి 10 శాతం బోరాన్ ఆక్సైడు పడితే వేడీ తగ్గుతుంది, ఎడమూ పెరుగుతుంది. చిక్కేమిటంటే కొలిమిలోంచి అది కొంత ఆవిరైపోతుంది. ఖర్చు, పైగా కాలుష్యం. 1990ల నుంచి బోరాన్ లేని రకాలు వచ్చాయి. వాటికి 50, 60 డిగ్రీలు ఎక్కువ కావాలి, ఎడం కూడా ఇరుకు.

అన్నట్టు, అంతర్వేది ఇసుకతోనే చేసుకోవచ్చు కదా అనిపించొచ్చు. అక్కడి నల్ల ఇసుకలో ఇల్మనైటు, అంటే ఇనుము, టైటానియం. ఇనుము ఎక్కువైతే పైనుంచి మండే మంట వేడిని అదే పట్టేసుకుని కింది గాజు దాకా పోనివ్వదు.

బలమే కావాలంటే ఎస్-గ్లాసు ఉంది: సిలికా 65, అల్యూమినా 25, మెగ్నీషియా 10. మామూలు పోగుకన్నా మూడో వంతు ఎక్కువ బలం. కానీ 1560 డిగ్రీలు దాటితే గాని తీగ సాగదు. ఆ వేడికి ప్లాటినం పళ్లెమే కుంగుతుంది. రాకెట్లకీ కవచాలకీ ఆ ఖర్చు పెట్టగలరు, చేపల పడవకి ఎవరు పెడతారు? పొడుగాటి గాలిమర రెక్కలకి మాత్రం మామూలు ఫైబర్ వంగిపోతుంది. అందుకే ఇప్పటి పనంతా ఈ రెండింటి మధ్య జరుగుతోంది: బోరాన్ తీసేసి, మెగ్నీషియా పెంచి, చిటికెడు లిథియం వేయడం. లిథియం చాలా బాగా పనిచేస్తుంది, కానీ దాని కోసం సెల్‌ఫోన్ బ్యాటరీలవాళ్లు కూడా లైన్లో ఉన్నారు.

పాళ్లు చెబితే చిక్కదనం ఎంతో కంప్యూటర్ బాగానే చెప్పేస్తుంది. పలుకు ఎక్కడ కడుతుందో చెప్పడానికి మాత్రం తడబడుతుంది, ఎందుకంటే పాళ్లు కొంచెం మారితే కట్టే పలుకు రకమే మారిపోతుంది. అందుకని ఈనాటికీ ఆ పరీక్ష చేత్తోనే. సన్నటి, పొడుగాటి ప్లాటినం తొట్టిలో గాజుముక్కలు పోసి, ఒక కొస ఎక్కువ వేడిగా, రెండో కొస తక్కువ వేడిగా ఉండే కొలిమిలో ఒక రోజు ఉంచుతారు. బయటికి తీసి, పలుకులు ఏ గీత దగ్గర ఆగిపోయాయో మైక్రోస్కోపులో వెతుకుతారు. ప్రయోగశాలల్లో ఆ తొట్టిని బోటు అంటారు.